ఇసుకలో ముందు చక్రం: నెల్లూరు తీరాన ఆఫ్‌రోడ్ మోటారుసైకిలు సస్పెన్షన్ సర్దుబాటు

కావలి దగ్గరి తుమ్మలపెంట మొదలుకొని ఇసుకపల్లి, రామతీర్థం, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం మీదుగా, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరిన వాకాడు మండలంలోని తూపిలిపాలెం, దుగరాజపట్నం వరకు సాగే నెల్లూరు తీరంలో నేల పదిపదిహేను కిలోమీటర్ల వెడల్పులోనే నాలుగైదు విధాలుగా మారుతుంది. సముద్రానికీ బకింగ్‌హాం కాలువకూ నడుమ పొడి ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు ఉంటాయి. అలలు తడిపి వెనుదిరిగే చోట ఇసుక గట్టిపడి ఉంటుంది కాని, ఈ తీరంలో ఆటుపోట్ల తేడా మీటరు చుట్టుపక్కలే కనుక ఆ గట్టి పట్టీ ఇరుకుగానే ఉంటుంది. కాలువకు పడమరగా రొయ్యల గుంటల గట్లు, ఉప్పు పర్రలు, వాన పడితే కాలు నిలవని చవుడు నేల ఉంటాయి. అక్కడి నుంచి జాతీయ రహదారి వైపు వచ్చేకొద్దీ లారీలు తొక్కితొక్కి వరుస గతుకులు పడిన గ్రావెల్ రోడ్లు ఎదురవుతాయి. ఈ నేలలన్నిటి మీదా ఒకే మోటారుసైకిలును ఒకే అమరికతో నడపవలసి రావడమే ఇక్కడి సమస్యకు మూలం.

ఆ సమస్య దాదాపు ఎప్పుడూ ముందు చక్రం గురించిన ఫిర్యాదుగానే బయటపడుతుంది. పొడి ఇసుకలో ముందు చక్రం పక్కకు తిరిగి కూరుకుపోతుందని, గట్టి ఇసుక మీద వేగం పెరిగితే హ్యాండిల్ వణుకుతుందని, గ్రావెల్ మలుపులో ముందు చక్రం వెలుపలికి జారుతుందని, గతుకుల మీద అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయని నడిపేవారు చెబుతారు. విన్న మెకానిక్కు సహజంగానే ముందు ఫోర్కు మీద చెయ్యి వేస్తాడు. ఈ విషయంపై మోటోక్రాస్ పందేల అనుభవాన్నీ, ఎడారి ర్యాలీల పద్ధతులనూ, భారతదేశంలో అమ్ముడయ్యే బళ్ల నిర్మాణాన్నీ కలిపి చూసినప్పుడు తేలేది వేరు. ముందు చక్రం చూపే లోపానికి కారణం ఎక్కువ సందర్భాల్లో ఫోర్కులో కాక వెనుక స్ప్రింగులోనో, కోన్‌సెట్‌లోనో, టైరు గాలిలోనో ఉంటుంది. కారణం ఫోర్కులోనే ఉన్నప్పుడు కూడా, గట్టిగా తగులుతున్నదని మెత్తబరచడం చాలాసార్లు లోపాన్ని పెంచుతుంది.

దీనికి పునాది బండి ముందు భాగపు జ్యామితిలో ఉంది. హ్యాండిల్ ఏ ఇరుసు చుట్టూ తిరుగుతుందో ఆ ఇరుసు నిట్టనిలువు నుంచి వెనక్కి వాలి ఉండే కోణాన్ని రేక్ అంటారు. ఆ ఇరుసు గీతను నేల వరకు పొడిగిస్తే అది తాకే చోటుకూ, దానికి వెనుకగా టైరు నేలను తాకే చోటుకూ మధ్య ఉన్న దూరం ట్రెయిల్. టైరు తాకే చోటు వెనుక ఉన్నందువల్లనే చక్రం పక్కకు తిరిగినప్పుడు నేల దాన్ని మళ్లీ తిన్నగా లాగుతుంది. ఆఫ్‌రోడ్ బళ్లలో రేక్ సాధారణంగా 26 నుంచి 28 డిగ్రీలు, ట్రెయిల్ 100 నుంచి 120 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఈ కొలతలు చట్రం మీద చెక్కినట్టు స్థిరంగా ఉండవు. వెనుక భాగం దిగితే రేక్, ట్రెయిల్ పెరిగి ముందు చక్రం మీద బరువు తగ్గుతుంది, వెనుక లేస్తే రెండూ తగ్గి ముందు చక్రం మీద బరువు పెరుగుతుంది. హీరో ఎక్స్‌పల్స్ 200 లాగా రెండు చక్రాల నడుమ 1410 మిల్లీమీటర్ల దూరం ఉన్న బండిలో వెనుక భాగం 10 మిల్లీమీటర్లు అదనంగా దిగితే రేక్ దాదాపు 0.4 డిగ్రీలు మారుతుంది, ట్రెయిల్ రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఫోర్కు గొట్టాలను క్లాంపుల్లో 5 మిల్లీమీటర్లు పైకి జరిపితే వచ్చే మార్పు ఇందులో సగమే. వెనుక స్ప్రింగును ముట్టకుండా ఫోర్కుతోనే హ్యాండిల్ స్వభావాన్ని మార్చాలనుకొనే ప్రయత్నం ఎందుకు నిలవదో ఈ అంకెలే చెబుతాయి.

ఏ సర్దుబాటుకైనా ముందు యంత్రభాగాల పరీక్ష ఉండాలి. ఉప్పు గాలి తగిలే ఈ తీరంలో అది మిగిలిన చోట్ల కంటే ఎక్కువ ముఖ్యం. హ్యాండిల్ తిరిగే ఇరుసుకు పైన ఒకటి, కింద ఒకటి బేరింగులు ఉంటాయి. మెకానిక్కులు కోన్‌సెట్ అనేది వీటినే. ముందు చక్రం చిమ్మే ఉప్పు నీరు మొదట చేరేది కింది బేరింగులోకి. అక్కడ గ్రీజు కడుక్కుపోయి తుప్పు పట్టాక, గతుకుల దెబ్బకు గోళీలు తిన్నటి స్థానంలోనే కప్పులో గుంటలు పెడతాయి. ఆపైన హ్యాండిల్ మధ్యకు రాగానే చిన్న గాడిలో పడినట్టు ఆగుతుంది, నడిపేవాడు సూక్ష్మంగా దిద్దవలసినప్పుడు అది కదలనే కదలదు, కదిలితే ఎక్కువగా కదులుతుంది. ఇసుకలో బండి తిన్నగా పోక అటూ ఇటూ తూలుతుందనే ఫిర్యాదుకు ఇంతకు మించిన కారణం అవసరం లేదు. పరీక్ష కూడా సులువు: ముందు చక్రాన్ని నేల నుంచి లేపి హ్యాండిల్‌ను మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పితే గాడి చేతికి తెలుస్తుంది, ఫోర్కు కింది కొసలు పట్టుకొని ముందుకూ వెనక్కూ లాగితే వదులు తెలుస్తుంది. వదులైన కోన్‌సెట్ బ్రేకు వేసినప్పుడు టక్కుమంటుంది, వేగంలో హ్యాండిల్‌ను వణికిస్తుంది. అతిగా బిగించినది నెమ్మదిగా నడిపేటప్పుడు బండిని తూలిస్తుంది.

ఫోర్కు గొట్టాల మీది క్రోమ్ పూతను కూడా ఉప్పు అంతే కనికరం లేకుండా తింటుంది. పూతలో సూదిమొన అంత గుంట పడినా దాని అంచు ఆయిల్ సీల్‌ను కోస్తుంది. కారిన ఆయిల్ బ్రేకు డిస్కు దాకా చేరితే అది సస్పెన్షన్ లోపం స్థాయి దాటి ప్రమాదం అవుతుంది. పొడి ఇసుకలోని సన్నని రేణువు సీల్ పెదవి కింద ఇరుక్కోవడం ఆయిల్ కారడానికి మరొక కారణం. అప్పుడు సీల్ పాడవకుండానే కారుతుంది, పల్చని ప్లాస్టిక్ పట్టీతో రేణువును తీసేస్తే ఆగుతుంది. కనుక కారుతున్న ప్రతి సీల్‌నూ మార్చవలసిన పని లేదు, కాని గుంటలు పడిన గొట్టం మీద కొత్త సీల్ వేసి ప్రయోజనమూ లేదు. ఇక కింద పడిన బండిలో ఫోర్కు గొట్టాలు క్లాంపుల్లో మెలిపడటం, చక్రం ఇరుసు బిగించేటప్పుడు ఒక కాలు లోపలికో బయటికో లాగబడి ఉండిపోవడం మామూలు. ఈ స్థితిలో గొట్టాలు సమాంతరంగా ఉండవు, చిన్న గతుకుకు ఫోర్కు కదలకుండా బిగుసుకుంటుంది, దాన్ని నడిపేవాడు గట్టి స్ప్రింగు అనుకుంటాడు. ఇరుసు నట్టు బిగించి, దాన్ని పట్టి ఉంచే పక్క బోల్టులను వదులుగా ఉంచి, ముందు బ్రేకు పట్టుకొని ఫోర్కును నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి వదిలితే కాలు తన చోటు తానే వెతుక్కుంటుంది. ఆ తరవాతనే పక్క బోల్టులు బిగించాలి. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎక్కువగా విస్మరించేది ఇదే.

వెనుక వైపు స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, లింకేజీ ఉన్న బళ్లలో దాని సూది బేరింగులు కూడా ఇదే ఉప్పుకు బలవుతాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌లో వెనుక మోనోషాక్ లింకేజీ ద్వారానే పనిచేస్తుంది. ఆ కీళ్లు తుప్పుతో బిగుసుకుంటే వెనుక చక్రం చిన్న గతుకులను మింగలేక బండి వెనుక భాగాన్ని ఎగరవేస్తుంది, ఎగిరిన ప్రతిసారీ బరువు ముందుకు పడుతుంది, ఫిర్యాదు మాత్రం మళ్లీ ముందు ఫోర్కు మీదికే వస్తుంది.

టైరు గాలి సస్పెన్షన్‌లో మొదటి అంగుళం. పొడి ఇసుకలో 150, 160 కిలోల బండికి 12 నుంచి 15 పౌండ్లు, 200 కిలోలకు దగ్గరైన హిమాలయన్ వంటి బండికి 18 పౌండ్ల ప్రాంతం వరకు గాలి తగ్గిస్తే టైరు పొడవుగా పరుచుకొని ఇసుక మీద తేలుతుంది. ట్యూబు టైరులో ఇంత తక్కువ గాలితో నడిపితే టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వును తెంపే ప్రమాదం ఉంది కాబట్టి, టైరు అంచును రిమ్ముకు అదిమి పట్టే రిమ్ లాక్ తప్పనిసరి. మైపాడు నుంచి నెల్లూరు సుమారు 25 కిలోమీటర్ల తారురోడ్డు. అదే గాలితో ఆ దూరం వేగంగా వస్తే టైరు వేడెక్కుతుంది, రోడ్డు గుంతల్లో ట్యూబు నలిగి పంచరవుతుంది. చిన్న పంపు, గాలి మీటరు లేకుండా ఈ తీరంలో సస్పెన్షన్ గురించి మాట్లాడటమే తొందరపాటు.

ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలాక స్ప్రింగుల వంతు. నేల నుంచి లేపిన బండిలో చక్రం పూర్తిగా వేలాడుతున్నప్పటి కొలతకూ, నడిపేవాడు పూర్తి సామగ్రితో ఎక్కి నిలబడినప్పటి కొలతకూ ఉన్న తేడాను సాగ్ అంటారు. బండి తన సొంత బరువుకు మాత్రమే దిగే మేర స్టాటిక్ సాగ్. చక్రం మొత్తం కదలికలో వెనుక 30 నుంచి 33 శాతం, ముందు 25 శాతం చుట్టుపక్కల సాగ్ ఉండాలన్నది అన్ని పద్ధతులూ అంగీకరించే మొదటి అంచనా. 300 మిల్లీమీటర్ల కదలిక ఉన్న మోటోక్రాస్ బండికి వెనుక 100, 105 మిల్లీమీటర్లు అన్న ప్రసిద్ధమైన అంకె అక్కడి నుంచి వచ్చిందే. దాన్ని యథాతథంగా తెచ్చి ఎక్స్‌పల్స్‌కు అన్వయిస్తే బండి కదలికలో సగానికి పైగా ముందే ఖర్చయిపోతుంది. 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200లో ముందు 190, వెనుక 170 మిల్లీమీటర్ల కదలిక ఉంది కనుక దానికి వెనుక సాగ్ 50 నుంచి 55, ముందు 45 నుంచి 50 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. 2023లో 250, 220 మిల్లీమీటర్ల కదలికతో వచ్చిన 4వి ప్రో రకానికి ఈ అంకెలు వేరు.

ఇక్కడ ప్రీలోడ్ గురించిన ఒక అపోహను తొలగించక తప్పదు. ప్రీలోడ్ అంటే స్ప్రింగును ముందుగానే కొంత నొక్కి ఉంచడం. అది బండి ఎత్తును మారుస్తుంది కాని స్ప్రింగు గట్టిదనాన్ని మార్చదు. స్ప్రింగు నడిపేవాడి బరువుకు సరిపోతుందో లేదో తేల్చేది రెండు సాగ్‌లనూ కలిపి చూడటం. మనిషి ఎక్కినప్పటి సాగ్‌ను ప్రీలోడ్‌తో సరైన అంకెకు తెచ్చిన తరవాత స్టాటిక్ సాగ్ మరీ తక్కువగా ఉంటే, అంటే బండి తన బరువుకు దాదాపు దిగకపోతే, స్ప్రింగు ఆ మనిషికి మెత్తనిది, దాన్ని నిలబెట్టడానికి అతిగా బిగించవలసి వచ్చిందన్నమాట. స్టాటిక్ సాగ్ ఎక్కువగా ఉంటే స్ప్రింగు గట్టిది. చూడగానే ఇది తలకిందులుగా అనిపిస్తుంది, అందుకే బరువైన మనిషి బండిలో స్టాటిక్ సాగ్ కనబడటం లేదని స్ప్రింగు గట్టిగా ఉందనుకొని ఇంకా మెత్తని స్ప్రింగు వేసే పొరపాటు జరుగుతుంది. వెనుక సీటులో మరో మనిషినో, చేపల బుట్టనో ఎక్కించుకొని కాలువ కట్ట మీద తిరిగే బళ్లకు వెనుక ప్రీలోడ్ పెంచకపోతే ముందు చక్రం తేలికై మలుపుల్లో వెలుపలికి జారడం అనివార్యం. ఎక్స్‌పల్స్ 200లో వెనుక పది మెట్ల ప్రీలోడ్ సర్దుబాటు ఉన్నది ఇందుకే. కొన్న నాటి మెట్టు మీదనే ఏళ్ల తరబడి ఉండిపోవడానికి కాదు.

స్ప్రింగు దాచుకున్న శక్తిని అదుపు చేసే పని డ్యాంపింగ్‌ది, అంటే ఆయిల్‌ను ఇరుకు దారుల గుండా నెట్టడం ద్వారా కదలికను నెమ్మదింపజేయడం. ఆయిల్‌తో డ్యాంపింగ్ చేసే టెలిస్కోపిక్ ఫోర్కు 1935లో బిఎండబ్ల్యు ఆర్12తో అమ్మకపు బళ్లలోకి వచ్చింది. 1970ల తొలినాళ్ల వరకు మోటోక్రాస్ బళ్ల వెనుక చక్రానికి 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే కదలిక ఉండేది. బెల్జియం ఇంజనీరు లూసియన్ టిల్కెన్స్ ఆలోచనతో యమహా రూపొందించిన ఒంటి షాక్ అబ్జార్బరు బండి మీద 1973లో హాకన్ ఆండర్సన్ 250 సిసి ప్రపంచ టైటిల్ గెలిచాక దశాబ్దం చివరికి ఆ కదలిక 300 మిల్లీమీటర్లకు చేరింది. కదలిక పెరిగినకొద్దీ స్ప్రింగు కంటే డ్యాంపింగ్ సంగతే కీలకమైంది.

సర్దుబాటు మరలు లేని సాదా ఫోర్కుల్లో ఎక్కువ భాగం స్థిరమైన రంధ్రాల గుండా ఆయిల్‌ను నెట్టే రకం. రంధ్రం ఇచ్చే నిరోధం ఆయిల్ వేగపు వర్గంతో పెరుగుతుంది. అందువల్ల బ్రేకు వేసినప్పుడు, అంటే ఫోర్కు నెమ్మదిగా కదిలేటప్పుడు, నిరోధం చాలక ముందు భాగం మునుగుతుంది, కాలువ కట్ట మీద బయటపడిన రాయి అంచు తగిలినప్పుడు నిరోధం మితిమీరి దెబ్బ నేరుగా చేతులకు వస్తుంది. ఒకే ఫోర్కు మరీ మెత్తగానూ మరీ గట్టిగానూ ఉందన్న ఫిర్యాదు అసంబద్ధం కాదు, అది ఈ నిర్మాణపు సహజ లక్షణం. చిక్కని ఆయిల్ పోస్తే మునగడం తగ్గుతుంది కాని దెబ్బ పెరుగుతుంది. కార్ట్రిడ్జ్ రకంలో సన్నని ఉక్కు రేకుల దొంతర వేగాన్ని బట్టి వంగి దారి ఇస్తుంది కాబట్టి ఈ రెండు అవసరాలూ కలుస్తాయి. సాదా ఫోర్కులో రంధ్రాలను పెద్దవి చేసి పైన వాల్వు అమర్చే పద్ధతి ఆ ఫలితానికి చాలావరకు చేరువ చేస్తుంది. ఆయిల్ డబ్బా మీది 5, 10 అంకెలు కంపెనీకో రకంగా ఉంటాయి కనుక కంపెనీ మార్చినప్పుడు వాటిని నమ్మరాదు. 40 డిగ్రీల దగ్గర ఆ ఆయిల్ చిక్కదనం ఎంతో చూడటమే సరైన పద్ధతి. ఫోర్కులో ఆయిల్ పైన ఉండే గాలి కూడా స్ప్రింగే: ఆయిల్ మట్టం 10 మిల్లీమీటర్లు పెంచితే కదలిక తొలి భాగంలో తేడా తెలియదు, చివరి మూడో వంతులో ఫోర్కు స్పష్టంగా గట్టిపడుతుంది. అడుగు తగులుతున్న ఫోర్కుకు, స్ప్రింగు బరువుకు సరిపోయి ఉంటే, అన్నిటికంటే చవకైన మందు ఇదే.

ఫోర్కు గట్టిగా తగలడం గురించిన అపోహే ఈ మొత్తం విషయంలో అతి హానికరమైనది. మెత్తని స్ప్రింగు ఉన్న ఫోర్కు కదలికలో లోతుగా దిగి నడుస్తుంది. లోతుకు వెళ్లేకొద్దీ లోపలి గాలి నొక్కుకుపోయి గట్టిదనం పెరుగుతుంది, మిగిలిన కదలిక తక్కువవుతుంది. అక్కడ గతుకు తగిలితే గట్టిగా తగులుతుంది. నడిపేవాడు కంప్రెషన్ మరను, అంటే ఫోర్కు దిగేటప్పటి నిరోధాన్ని, రెండు క్లిక్కులు వదులు చేస్తాడు. ఫోర్కు ఇంకా లోతుకు దిగుతుంది, ఇంకా గట్టిగా తగులుతుంది. రీబౌండ్, అంటే దిగిన ఫోర్కు తిరిగి లేచేటప్పటి నిరోధం, ఎక్కువైనా ఇదే ఫలితం: గ్రావెల్ రోడ్డు మీది వరుస గతుకుల్లో ఒక గతుకు నుంచి పూర్తిగా లేవకముందే తరవాతది తగిలి, ఫోర్కు మెట్టుమెట్టుగా కుదించుకుపోతూ చివరికి కదలిక లేని కడ్డీలా మారుతుంది. మెత్తని స్ప్రింగుకూ నెమ్మది రీబౌండ్‌కూ లక్షణం ఒకటే. వేరు చేసేది ఏమిటంటే మొదటి గతుకు నుంచే గట్టిగా తగిలితే స్ప్రింగు లేదా బిగుసుకున్న గొట్టాలు, అయిదారు గతుకుల తరవాత గట్టిపడితే రీబౌండ్. గొట్టానికి రబ్బరు ఉంగరమో చిన్న టై పట్టీయో కట్టి, అది ఎంతవరకు జరిగిందో నడిపిన తరవాత చూస్తే ఊహకు చోటుండదు.

పొడి ఇసుక దగ్గర ఈ జ్యామితి అంతా కొత్త పరీక్షకు నిలబడాలి. గట్టి నేల మీద ట్రెయిల్ చక్రాన్ని తిన్నగా లాగుతుందంటే, టైరు నేలను తాకే చోటు ఇరుసు గీతకు వెనుక ఉండటమే కారణం. ఇసుకలో టైరు కూరుకున్నప్పుడు దాన్ని అడ్డే శక్తి కింద కాక ముందు భాగంలో, కొంత పైన పనిచేస్తుంది. ఆ చోటు ఇరుసు గీతకు చేరువై, లోతు పెరిగితే దాన్ని దాటి ముందుకు కూడా పోతుంది. అప్పుడు ఇసుక చక్రాన్ని తిన్నగా లాగడానికి బదులు పక్కకు మడిచేస్తుంది. సరుగుడు తోట దారిలో వేగం తగ్గించిన క్షణంలోనే పడిపోవడం ఎక్కువగా జరగడానికి ఇదే వివరణ: యాక్సిలరేటర్ మూయగానే బరువు ముందుకు వస్తుంది, ఫోర్కు దిగి రేక్ తగ్గుతుంది, చక్రం లోతుకు పోతుంది, మూడూ కలిసి ట్రెయిల్‌ను హరిస్తాయి. అందుచేత ఇసుకకు కావలసినది ముందు భాగం పైకి నిలబడి ఉండటం. ఆ నిలుపు మంచి స్ప్రింగుతో, కొంచెం ఎక్కువ కంప్రెషన్‌తో, వెనుక సాగ్‌ను 35 శాతం దగ్గరకు పెంచడంతో, ఫోర్కు గొట్టాలను క్లాంపు పై అంచుకు సమంగా ఉంచడంతో వస్తుంది.

ఈ విషయంలో అభిప్రాయభేదం లేకపోలేదు. బెల్జియంలోని లొమ్మెల్ వంటి ఇసుక ట్రాకుల మోటోక్రాస్ సంప్రదాయం ముందు ఫోర్కును గట్టిగా ఉంచమంటుంది. 2015లో 36వ స్థానంతో డకార్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ నుంచి, హీరో జట్టు తరఫున 2024లో రెండో స్థానంలో నిలిచిన రాస్ బ్రాంచ్ వరకు ర్యాలీ నడిపినవారి బళ్లు కూడా గట్టివే. అయితే వాటి గట్టిదనంలో కొంత భాగం ఇంధనం బరువుకు, ముందున్న దారిసూచక పరికరాల బరువుకు, ఎడారిలో చేరే వేగానికి సంబంధించినది. గంటకు 30, 40 కిలోమీటర్ల వేగంతో తోటల నడుమ తిరిగే 65 కిలోల మనిషి ఆ గట్టిదనాన్ని అనుకరిస్తే ఫోర్కు కదలనే కదలదు, టైరు ఇసుకను అనుసరించక దాని మీద ఎగిరి పడుతుంది. కనుక లొమ్మెల్ సూత్రంలో దిశను తీసుకోవాలి, పరిమాణాన్ని తీసుకోకూడదు. హ్యాండిల్ వణుకును ఆపే స్టీరింగ్ డ్యాంపర్ విషయంలోనూ ఇటువంటి వివేచనే అవసరం. దాగిన రాయి చక్రాన్ని ఒక్కసారిగా తిప్పినప్పుడు అది నిజంగానే చేతులను కాపాడుతుంది. కాని వెనుక సాగ్ తక్కువగా ఉండటం వల్లనో వదులు కోన్‌సెట్ వల్లనో వచ్చిన వణుకును అది దాచిపెడుతుంది, లోపం ముదిరేదాకా తెలియనీయదు.

రొయ్యల గుంటల గట్లు, చవుడు నేల ఇసుక కోరేదానికి పూర్తిగా వ్యతిరేకమైన స్వభావాన్ని కోరుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఇరుకు గట్టు మీద నడక వేగంతో వెళ్లేవాడికి ముందు చక్రం చెప్పే ప్రతి కబురూ కావాలి. తేలికగా కదిలే ఫోర్కు, త్వరగా తిరిగే హ్యాండిల్ కావాలి. ఇసుకకు గట్టిబరచిన బండి అక్కడ మొండికేస్తుంది. గ్రావెల్ రోడ్డు వేగమైన రీబౌండ్ కోరుతుంది. కంప్రెషన్, రీబౌండ్ మరలున్న ఖరీదైన బండిలో ఈ మూడు నేలలనూ సంతృప్తిపరచాలని ప్రతి మలుపులో మరలు తిప్పడం అభ్యాసంగా మారితే, కొద్ది రోజుల్లో ఏది ఎక్కడ ఉందో ఎవరికీ తెలియదు. ఈ తీరానికి సరైన మార్గం స్ప్రింగును మనిషి బరువుకు తగినట్టు ఒకసారి నిర్ణయించి, ఫోర్కు ఎత్తును ఇసుకకు, రీబౌండ్‌ను గ్రావెల్‌కు కుదిర్చి వదిలేయడం. నేల మారినప్పుడు టైరు గాలిని, వెనుక ప్రీలోడ్‌ను మాత్రమే మార్చడం. ఇసుక కోసం వెనుక ఒకటి రెండు మెట్లు వదులు చేసినప్పుడు పెరిగిన ట్రెయిల్‌ను, గట్లకు వచ్చేముందు అవే మెట్లు బిగిస్తే తిరిగి తగ్గించవచ్చు. గట్టు మీద హ్యాండిల్ కొంత బరువుగా ఉండటం ఈ ఏర్పాటులో భరించవలసిన నష్టం. నెమ్మదిలో ఆ బరువు ప్రమాదకరం కాదు, ఇసుకలో చక్రం మడత పడటం ప్రమాదకరం.

సర్దుబాటును పరీక్షించే చోటు కూడా ఆలోచించి ఎంచుకోవలసినదే. ఒకే దారి తునక మీద, ఒకే టైరు గాలితో, ఒకసారి ఒక్క మార్పు చేసి, దాన్ని నోటు పుస్తకంలో రాసుకొని పోల్చినప్పుడే తేడా నమ్మదగినది. సముద్రపు ఒడ్డున ఉదయం తేమతో బిగిసి ఉన్న ఇసుక మధ్యాహ్నానికి పొడిబారి వేరే నేల అవుతుంది, కనుక వేర్వేరు వేళల్లో చేసిన రెండు పరుగులను పోల్చరాదు. దానికి మించి, జనవరి నుంచి వేసవి మొదటి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు అలల గీతకు పైనున్న పొడి ఇసుకలోనే గుడ్లు పెడతాయి; ఇవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణలో ఉన్న జీవులు. చక్రం గూటిని అదుముతుంది, చక్రం చేసిన గాడి గుడ్డు నుంచి అప్పుడే వెలువడిన పిల్లను సముద్రానికి చేరనివ్వక చీమలకూ కాకులకూ అప్పగిస్తుంది. మత్స్యకారులు వలలు లాగే, చేపలు ఎండబెట్టే ఒడ్డు కూడా అదే. పొడి ఇసుకలో బండి తీరును తెలుసుకోవడానికి వేసవిలో ఎండిన పెన్నా, స్వర్ణముఖి ఏటి ఇసుక అన్ని విధాలా చాలు. తీరపు ఇసుకను ఆ నెలల్లో వదిలేయడం నేర్పుకు ఏ లోటూ చేయదు. శ్రీహరికోట దీవి ప్రవేశ నిషేధంలో ఉంది, పులికాట్ పక్షి సంరక్షణ ప్రాంతం. కనుక తీరపు దక్షిణపు కొసలో బండి తిప్పే ఆలోచనే పెట్టుకోరాదు.

నడిపిన ప్రతిసారి తరవాత బండిని మంచినీటితో కడగాలి. తీరపు ఊళ్లలో చాలాచోట్ల బోరు నీరే ఉప్పగా ఉంటుంది కాబట్టి, ఆ నీటితో కడిగి ఆరబెట్టడం ఉప్పును మళ్లీ పూయడంతో సమానం. కాలువ దాటి తీపి నీరు దొరికే చోట కడగడం మేలు. వాటర్ సర్వీసు గొట్టపు ధారను ఆయిల్ సీళ్లకు, కోన్‌సెట్‌కు, చక్రం బేరింగులకు, లింకేజీకి తిన్నగా కొడితే గ్రీజు బయటికీ నీరు లోపలికీ పోతాయి. కోన్‌సెట్, లింకేజీ విప్పి గ్రీజు పెట్టే పనికి ఈ తీరంలో రెండు సమయాలు సహజంగా కుదురుతాయి: సెప్టెంబరులో వానలకు ముందు ఒకసారి, సంక్రాంతి తరవాత నేల ఆరాక ఇంకొకసారి. ఫోర్కు ఆయిల్‌ను ఆ రెండో పనితో కలిపి మార్చి, తీసిన ఆయిల్‌ను తెల్లని పళ్లెంలో పోసి చూస్తే అందులో తళతళలాడే లోహపు పొడి బుష్‌ల అరుగుదలను, పాలరంగు నీరు చేరడాన్ని, అడుగున మిగిలే రేణువులు సీల్ దాటి వచ్చిన ఇసుకను చూపిస్తాయి. కొత్త స్ప్రింగు మొదటి కొన్ని గంటల నడకలో కొద్దిగా కుదురుకుంటుంది కనుక, సాగ్‌ను ఆ తరవాత మరోసారి కొలిచి రాసుకోవాలి.